కాలవ యాడికి పోతాది

పేరు రాయను. రాయనని గేటు దగ్గర సంతకం చేసిచ్చాను.
కర్నూలు నుంచి జీపులో గంటన్నర,
నాపరాళ్ల గనులు దాటాక
ముళ్లకంచె వెనక ఒక కవాతు మైదానం.
అంతవరకే చెప్పగలను.

రేకుల హాల్లో నలభై ఒక్క మంది.
ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం
తుంగభద్ర అవతలే ఆగిపోయింది.
నా సంచిలో మూడు రోజుల పాఠం:
అనుకో, చెయ్యి, చూడు, దిద్దు.
రోజూ తుపాకీ తుడిచేవాళ్లకి
తుడవడం నేర్పడానికి వచ్చినట్టుంది నా సంగతి.

మొదటి రోజు ఎవరూ మాట్లాడలేదు.
"పర్యావరణ యాజమాన్య వ్యవస్థ" అన్నాను.
మూడో వరసలో ఒకాయన ఆవలింతని
సెల్యూట్ అంత క్రమశిక్షణగా మింగాడు.
బెల్లం టీ వచ్చింది. నేనూ ఆవలించాను.

రెండో రోజు తెర కట్టేసి
తెల్లకాగితాలు పంచాను.
మీ క్యాంపు గియ్యండి.
గోడలొద్దు, గేట్లొద్దు, తుపాకులెక్కడున్నాయో నాకొద్దు.
నీళ్లు గియ్యండి.
వంటశాలలో అంట్లు తోమిన నీళ్లు,
షెడ్డులో బండ్లు కడిగిన నీళ్లు,
వానొస్తే కాల్పుల దిబ్బ మీంచి జారే నీళ్లు
ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతాయో.

నలభై గీతలు కంచె దగ్గర ఆగిపోయాయి.
"కంచె దాటితే మనది కాదు గదా మేడమ్"
అన్నాడు సుబేదారు రోశిరెడ్డి, మర్యాదగానే.

నలభై ఒకటో కాగితం హవల్దారు మద్దిలేటిది.
బండ్ల షెడ్డు ఆయనదే. ఊరు పత్తికొండ పక్క.
ఆయన గీత కంచె దాటి, కాగితం అంచు దాటి,
చోటు చాలక బల్ల మీదికి ఎక్కింది.

"యాడికి పోతాదో నాకు తెల్సు మేడమ్.
ఈ కాలవ వంకలో కలుస్తాది.
వంక, మిట్ట కింద మలుపు తిరుగుతాది.
మందలు ఆడనే నీల్లు తాగేది.
పోయినేడు ఒక గొర్రెపిల్ల మూతికి నల్లగా జిడ్డు.
కాసే పిల్లోడు నన్నే అడిగినాడు,
అన్నా, మీ ఇంజనాయిలు వాసన
మా గొర్రె నోట్లో ఎందుకుండాది అని."
"ఏం చెప్పారు?"
"తెలీదంటి. యూనిఫాంలో ఉంటి గదా."

ఎవరూ నవ్వలేదు.
ఫ్యాను చప్పుడు అప్పుడు వినపడింది నాకు.

మధ్యాహ్నం అందరం షెడ్డుకి పోయాం.
తొమ్మిది బండ్లు. ఏడింటి కింద
ఎర్రమట్టి నల్లబడింది, సంగటి అడుగంటినట్టు.
ఒక్కోదాని కింద తట్ట పెట్టమన్నాను.
ఇండెంటు వేస్తే రావడానికి నాలుగు నెలలన్నారు.
మద్దిలేటి మెస్సుకి పోయి
ఖాళీ నూనె డబ్బాలు నిలువునా కోసుకొచ్చాడు.
అదీ వ్యవస్థే. పుస్తకంలో దానికి పెద్ద పేరుంది.

సీసం దగ్గర మాత్రం గొడవైంది.
ముప్పై ఏళ్లుగా గుళ్లు మింగిన దిబ్బ అది.
"కాల్చిన గుండుకి లెక్క ఉంటాది.
దిగబడిన గుండుకి లెక్క అడుగుతాండారు మీరు."
అవును సుబేదారు గారూ, అదే అడుగుతున్నాను.
ఒక్క ఖాళీ తూటా తక్కువైతే
రాత్రంతా టార్చిలైట్లతో గడ్డి దువ్వుతారు గదా,
అది సగమే. ఇంకో సగం మట్టిలో ఉంది.
దాన్నీ రాయండి.
ఆయన రాసుకోలేదు. టోపీ సర్దుకున్నాడు.
గెలిచానని ఇక్కడ రాయలేను.

మూడో రోజు సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో.
ఫోటో నాకివ్వలేదు. ఇవ్వకూడదట.

ఆరు నెలలకి తనిఖీకి పోయాను.
రిజిస్టరుకి గోధుమరంగు అట్ట, మద్దిలేటి అక్షరాలు:
తట్టలు తొమ్మిది. నిండినవి నాలుగు.
డ్రమ్ములో పోసింది పదహారు లీటర్లు.
పేజీ తిప్పితే వేరే చేతిరాత, గట్టిగా నొక్కి రాసింది,
కింద రోశిరెడ్డి సంతకం:
"వంక దాకా నడిచి చూసినాను.
గొర్రెలు లేవు. గిట్టల గుర్తులు ఉండాయి."

ఆఖరి వరసలో సీసం అని ఒక గడి గీసి ఉంది, స్కేలు పెట్టి.
కింద ఏమీ లేదు.
ఆ ఖాళీని కూడా నేను నోట్ చేసుకున్నాను,
తారీఖు వేసి.